కాగితపు చుట్టతో పాడే పాత మౌత్ ఆర్గాన్‌ని ఎవరు చేశారో ఎలా తెలుసుకోవాలి?

ఒహాయోలో గరాజ్ సేల్‌లో కొన్నానన్నారు కదా: నల్లటి డబ్బా, ఊదుతూ పిడి తిప్పితే చిల్లుల కాగితం కదిలి పాట పలుకుతుందని. మీరు చెప్పిన గుర్తులకు అది రోల్మోనికానే అనిపిస్తోంది. నా దగ్గరా ఒకటుంది. మేరీలాండ్‌లో ఉన్న రోజుల్లో ఆదివారం సంతలో కొన్నాను. చిల్లు వచ్చినచోట గాలి దూరి రీడ్ అనే సన్నటి లోహపు నాలుక మోగుతుంది, మన హార్మోనియంలో మెట్టు నొక్కినప్పటిలాగే.

దాన్ని అమ్మింది బాల్టిమోర్‌లోని రోల్మోనికా మ్యూజిక్ కంపెనీ. నేనూ మొదట అక్కడితో ఆగిపోయాను. కానీ కంపెనీ పేరు వేరు, ఆ పనితనం ఎవరి బుర్రలో పుట్టిందన్నది వేరు. అందుకే ముందు పేటెంట్ నంబరు వెతకండి. డబ్బా అడుగున, మూత లోపల, చుట్ట వచ్చిన అట్టపెట్టె మీద, అన్నిచోట్లా చూడండి. అమెరికా నంబర్లు వరసగా నడుస్తాయి: 1925లో మొదటిది 15,21,590; 1930లో మొదటిది 17,42,181. వస్తువు రూపానికి ఇచ్చే డిజైన్ పేటెంట్లకు మాత్రం వేరే వరస ఉంటుంది, పొరబడకండి. గూగుల్ పేటెంట్స్‌లో ఆ నంబరు కొడితే మొదటి పేజీలోనే కనిపెట్టినవారి పేరు, ఊరు, దరఖాస్తు తేదీ కనిపిస్తాయి. హక్కులు ఎవరికైనా రాసిచ్చి ఉంటే ఆ పేరూ అక్కడే ఉంటుంది. నాకైతే అసలు దారి తెరుచుకున్నది హక్కులు రాసిచ్చిన ఆ ఒక్క వాక్యంతోనే.

పేటెంట్ తేదీ మీ వాయిద్యం తయారైన తేదీ కాదు. దానికి చుట్టలు కొంత సాక్ష్యం. చుట్ట మీది పాట ఏ ఏడాది అచ్చయిందో చూస్తే, ఆ చుట్ట అంతకుముందుది కాదని తేలిపోతుంది.

తర్వాత బాల్టిమోర్‌లోని ఈనాక్ ప్రాట్ లైబ్రరీలో పాత సిటీ డైరెక్టరీలు, అంటే ఊళ్లోని మనుషుల, కంపెనీల చిరునామాల పుస్తకాలు చూశాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది, ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు. అప్పటి ప్రకటనలు కావాలంటే మ్యూజిక్ ట్రేడ్ రివ్యూ అనే వాయిద్యాల వ్యాపార పత్రిక పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

సాక్సఫోన్ ఆకారంలో ఉన్న లోహపు వాయిద్యం దొరికితే అది వేరే ఇంటిది. ప్లేయాసాక్స్ అంటారు. క్లారినెట్ ఆకారంలోది క్లారోలా. రెండూ తమంతట తామే పలికే పియానోల కాగితపు చుట్టలకు పేరుపడ్డ క్యూఆర్ఎస్ కంపెనీవి.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను: మెరుగు పెట్టించకండి. నాది శుభ్రం చేయమని ఒక దుకాణంలో ఇస్తే, అడుగున ఉన్న అక్షరాల్లో సగం అరగదీసి ఇచ్చారు. ఆ బాధ ఇంకా పోలేదు. మెత్తటి పొడి గుడ్డ చాలు. పక్కనుంచి వెలుతురు పడేలా అడుగు భాగం ఫోటో తీసి పెట్టండి, నంబరు కలిసి చదువుదాం.