బ్లాక్‌హోల్ వీడియోలు చూసే అమ్మాయికి ఫిజిక్స్ అబ్బుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఖాళీ దొరికితే బ్లాక్‌హోల్స్, గెలాక్సీల వీడియోలే. పెద్దయ్యాక ఖగోళ శాస్త్రవేత్తనవుతానంటోంది. బడిలో మాత్రం ఫిజిక్స్ మార్కులు అంతంతమాత్రం, లెక్కలంటే భయం. పైగా టెలిస్కోప్ కొనమని పట్టుబడుతోంది. ఈ ఆసక్తి చదువుగా, ఉద్యోగంగా మారేదేనా? మా ఇద్దరికీ సైన్సు తెలియదు. ఇంట్లో మేమేం చేయగలం? – ఒక తల్లి

జవాబు: వీడియోలు ఆపించకండి. అయితే ఒకటి గమనించండి. వీడియోలో జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది, చూసేవాళ్లు ఆశ్చర్యపోతే సరిపోతుంది. బడిలో ఫార్ములా ముందొస్తుంది, అది ఏ ప్రశ్నకు జవాబో తెలిసేలోపు పరీక్ష వచ్చేస్తుంది. ఒకచోట ప్రశ్న లేదు, ఇంకోచోట ప్రశ్న కనిపించదు. మీ అమ్మాయి లాంటి పిల్లలు చాలామంది ఈ రెండింటి మధ్యే ఆగిపోతారు. వాళ్లను ముందుకు నడిపించేది, నాకు తెలిసినంతలో, ఏదో ఒకటి తమ చేత్తో తాము కొలవడం.

లోలకంతో మొదలుపెట్టించండి. దారానికి చిన్న బరువు కట్టి, పైన కట్టిన చోటు నుంచి బరువు మధ్య వరకు సరిగ్గా 1 మీటరు ఉండేలా వేలాడదీయాలి. కొద్దిగా పక్కకు లాగి వదిలి, 20 సార్లు ఊగి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో చూడాలి. ఇంచుమించు 40 సెకన్లు వస్తుంది. బరువు రెట్టింపు చేస్తే? ముందు తన అంచనా కాగితం మీద రాయాలి, ఆ తర్వాతే కొలవాలి. ఈ వరస తప్పనివ్వకండి. (సమయం మారదు. మీరూ ఒక అంచనా రాయండి, సరదాగా ఉంటుంది.)

అసలు ప్రశ్న ఆ తర్వాతది. 20 ఊపులకు 20 సెకన్లే పట్టాలంటే దారం ఎంత పొడవుండాలి? సగం అంటుంది, అందరూ అదే అంటారు. 50 సెంటీమీటర్లతో కొలిస్తే 28 సెకన్లు వస్తుంది. ఎక్కడో ఏదో తేడా ఉందని మళ్లీ కొలుస్తుంది, మళ్లీ అంతే. దారాన్ని కుదించుకుంటూ పోతే 25 సెంటీమీటర్ల దగ్గర 20 సెకన్లు దొరుకుతుంది. సమయం సగం కావాలంటే పొడవు నాలుగో వంతు కావాలన్నమాట. వర్గమూలం ఎందుకు పుట్టిందో అప్పటిదాకా ఆమెకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు, ఇప్పుడు చెప్పక్కర్లేదు. అవే కొలతలతో గురుత్వ త్వరణం (కిందపడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) లెక్కకడితే 9.8కి దగ్గర్లో ఏదో వస్తుంది. 9.5 వచ్చినా, 10.1 వచ్చినా సంతోషించండి. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందని వెతకడమే ప్రయోగశాలల్లో పెద్దవాళ్లు చేసే పని.

లెక్కల భయం దీంతో మాయమైపోతుందని చెప్పను. సాధన వేరే చేయాల్సిందే. కానీ తనకు కావాల్సిన జవాబు కోసం లెక్క చేసే పిల్లకూ, మార్కు కోసం చేసే పిల్లకూ ఓపికలో చాలా తేడా ఉంటుంది.

ఇక ఆకాశం. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీల మేర కప్పుతుంది. చిటికెన వేలి వెడల్పు 1 డిగ్రీ. పిల్లల పిడికిలి చిన్నదే, చెయ్యీ పొట్టిదే, కాబట్టి కొలత పెద్దగా చెడదు. నెలవంక కనిపించిన సాయంత్రం మొదలుపెట్టి రోజూ ఒకే సమయానికి, ప్రకాశంగా ఉన్న ఏదో ఒక నక్షత్రం నుంచి చంద్రుడు ఎన్ని పిడికిళ్ల దూరంలో ఉన్నాడో రాయమనండి. రోజుకు 13 డిగ్రీల చొప్పున తూర్పుకు జరుగుతున్నాడని వారంలోపే తేలుతుంది. ఆ లెక్కన ఒక చుట్టు పూర్తి కావడానికి 27 రోజుల పైచిలుకు. మరి పౌర్ణమికీ పౌర్ణమికీ మధ్య 29.5 రోజులెందుకు? ఆ రెండు రోజులు ఎక్కడివి? దీనికి జవాబు నేను చెప్పను. మీకు తెలిసినా మీరు చెప్పకండి.

టెలిస్కోప్ ఇప్పుడే వద్దు. పెట్టె మీద 500 రెట్లు పెద్దదిగా చూపిస్తుందని రాసి ఉండే చవక రకాలు స్టాండు మీద నిలకడగా నిలవవు, మసకగా చూపిస్తాయి. టెలిస్కోప్ కొనేటప్పుడు చూడాల్సింది ముందు భాగం వ్యాసం, ఎన్ని రెట్లు అన్నది కాదు. వీడియోల్లో రంగురంగుల నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు) చూసిన కళ్లకు తెల్లటి పొగ మరకలాంటిది కనిపిస్తే నిరాశ తప్పదు. ఇప్పటికి 10×50 బైనాక్యులర్స్ (10 రెట్లు పెద్దదిగా చూపించేవి, ముందు అద్దం వ్యాసం 50 మిల్లీమీటర్లు) చాలు. గోడకు మోచేతులు ఆనించి గురుగ్రహం వైపు చూస్తే, దాని పక్కన వరసగా చిన్న చుక్కలు కనిపిస్తాయి. అవి దాని నాలుగు పెద్ద చందమామలు, కొన్నిసార్లు ఒకటో రెండో దాక్కుంటాయి. గురుడు ఆకాశంలో ఎక్కడున్నాడో స్టెల్లేరియం అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. బైనాక్యులర్స్‌తోనైనా, టెలిస్కోప్‌తోనైనా సూర్యుడి వైపు మాత్రం చూడనివ్వకండి, క్షణంలో కన్ను పోతుంది.

గెలీలియో 1610 జనవరిలో ఆ చుక్కలనే రాత్రి తర్వాత రాత్రి బొమ్మలు గీసుకుని, అవి గురుడి చుట్టూ తిరుగుతున్నాయని తేల్చాడు. వాటిలో అయో ఒక చుట్టు తిరగడానికి పట్టేది 42 గంటల పైచిలుకు. భూమి గురుడికి దగ్గరవుతున్న నెలల్లో అయో గ్రహణాలు (అది గురుడి నీడలోకి వెళ్లి మాయమవడం) లెక్క కంటే ముందుగా, దూరమవుతున్నప్పుడు ఆలస్యంగా కనిపిస్తున్నాయని రోమర్ అనే డెన్మార్క్ ఖగోళవేత్త గమనించాడు. కాంతి ప్రయాణానికి సమయం పడుతుందని 1676లో ఆయన చెప్పింది ఆ ఆధారంతోనే. మీ అమ్మాయి మంచి నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని నాలుగు చుక్కల స్థానాలు గీయడం మొదలుపెడితే, ఇలాంటి కథలు ఆమెకు వేరే రకంగా వినిపిస్తాయి.

మీకు సైన్సు తెలియకపోవడం అడ్డంకి కాదు. వీడియో అయిపోయాక ఒకే ఒక ప్రశ్న అడగండి: "ఇది వాళ్లకెలా తెలిసింది?" జవాబు దొరక్కపోతే వెతుక్కుంటుంది.

ఇప్పుడు ఉద్యోగం మాట. ఆమెకిష్టమైన బ్లాక్‌హోల్ నుంచే మొదలుపెడదాం. 2019 ఏప్రిల్‌లో విడుదలైన తొలి ఫొటో చూసే ఉంటుంది, నారింజ రంగు వలయం మధ్యలో చీకటి. ఎం87 అనే గెలాక్సీ మధ్యలో ఉన్న ఆ బ్లాక్‌హోల్‌ను 8 రేడియో టెలిస్కోప్‌ల నెట్‌వర్క్ పరిశీలించింది 2017 ఏప్రిల్‌లో. ఇంటర్నెట్‌లో పంపలేనంత డేటా కావడంతో హార్డ్‌డిస్కులను విమానాల్లో తరలించారు. దక్షిణ ధ్రువం దగ్గరి డిస్కులైతే అక్కడి చలికాలం గడిచేదాకా నెలల తరబడి కదల్లేదు. 200 మందికి పైగా పనిచేసిన ఆ బృందంలో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లున్నారు, ఎలక్ట్రానిక్స్ వాళ్లున్నారు, గణితం వాళ్లున్నారు. ఖగోళ శాస్త్రం అంటే రాత్రంతా టెలిస్కోప్‌కు కన్ను ఆనించి కూర్చోవడం అనుకుంటే ఆ బొమ్మ ఎప్పుడో మారిపోయింది. పగటిపూట కంప్యూటర్ ముందు డేటాతో కుస్తీ, అదీ ఎక్కువ భాగం. ఈ సంగతి ఆమెకు ఇప్పుడే చెప్పండి. కొందరు పిల్లలు ఇది వినగానే డీలా పడతారు, కొందరి కళ్లు మెరుస్తాయి. రెండూ మీకు పనికొచ్చే సమాచారమే.

దారి పొడవైనదే. డిగ్రీ, మాస్టర్స్, పీహెచ్‌డీ కలిపి పదేళ్లకు అటూ ఇటూగా పడుతుంది. ఆపైన శాశ్వత పరిశోధన ఉద్యోగాలు పీహెచ్‌డీలు చేసినవాళ్ల కంటే చాలా తక్కువ. దీన్ని దాచి ఆశపెట్టడం నాకిష్టం లేదు. అలాగని చదువు వృథా పోదు. క్యాన్సర్ చికిత్సలో రేడియేషన్ మోతాదు లెక్కగట్టే మెడికల్ ఫిజిక్స్, ఉపగ్రహ చిత్రాల విశ్లేషణ, చిప్‌ల తయారీ, లేజర్లు, డేటా సైన్స్... ఫిజిక్స్ చదివినవాళ్లు వీటన్నిటిలోనూ కనిపిస్తారు.

పీహెచ్‌డీ దాకా ఆగకుండా ఈ పని రుచి చూసే వీలు కూడా ఉంది. గెలాక్సీల ఆకారాలు వర్గీకరించడానికి మామూలు జనం సాయం కోరుతూ గెలాక్సీ జూ అనే ప్రాజెక్టు 2007లో మొదలైంది. ఆ ఏడే నెదర్లాండ్స్‌కు చెందిన ఒక బడి టీచర్ అందులో అంతవరకూ ఎవరూ ఎరుగని ఒక వింత వాయు మేఘాన్ని గుర్తించారు. ఇలాంటి ప్రాజెక్టులు జూనివర్స్ అనే వెబ్‌సైట్‌లో ఇప్పుడు చాలా ఉన్నాయి, మీ అమ్మాయి ఈ వారాంతమే చేరొచ్చు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కాస్త నేర్చుకుంటే, గయా ఉపగ్రహం కొలిచిన దాదాపు 180 కోట్ల నక్షత్రాల వివరాలు అందరికీ ఉచితంగా తెరిచే ఉన్నాయి.

కోర్సుల పేర్లు, కాలేజీల ర్యాంకులు వెతకడం ఇప్పట్లో అవసరం లేదు. బడి చివరి తరగతుల్లో సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు, మార్కులు తక్కువని గణితాన్ని మాత్రం వదిలించకండి. గణితం వదిలితే ఫిజిక్స్ డిగ్రీలో సీటు దాదాపు దొరకదు.