స్నేహితురాలి ఇంటికి ఎంతమంది వెళ్లాలి?

గాజువాక నుంచి రాసిన సోదరికి,

డిగ్రీలో మీతో కలిసి చదువుకుని, పెళ్లయ్యాక అండమాన్‌లో స్థిరపడిన స్నేహితురాలు మిమ్మల్ని, మీ వారిని, ఇద్దరు పిల్లలను ఈ వేసవి సెలవుల్లో రమ్మని పిలిచింది. సంగతి తెలిసిన మీ బావగారు, తోటికోడలు తమ ముగ్గురు పిల్లలతో మేమూ వస్తామన్నారు. లాడ్జి ఖర్చు లేకుండా పది రోజులు గడిచిపోతాయని మీ వారు మిమ్మల్ని అడగకుండానే ఒప్పుకున్నారు. స్నేహితురాలిది రెండు గదుల ఇల్లు, అందులో మంచం పట్టిన అత్తగారు కూడా ఉన్నారు. తొమ్మిది మందిమని ఆమెతో చెప్పలేక, వద్దని ఇంట్లో అనలేక నిద్ర పట్టడం లేదని రాశారు.

మీ సంకోచంలో తప్పేమీ లేదు. ఆ ఇంట్లో తొమ్మిది మంది దిగకూడదు. ఆమెతో చెబితే మొహమాటానికి అందరినీ రమ్మనే అంటుంది కాబట్టి, ఆ ఇబ్బంది ఆమె దాకా వెళ్లకుండా మీరే ఆపాలి.

ఇది మీ వారికి వివరించేటప్పుడు మర్యాద, మొహమాటం వంటి మాటలతో మొదలుపెట్టకండి. అవి వాదానికి దారి తీస్తాయి. అక్కడి పరిస్థితి చెప్పండి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో వానలు దండిగా కురిసినా ఏడాది పొడవునా పారే పెద్ద నదులేవీ దగ్గరలో లేకపోవడం వల్ల, ఎండలు ముదిరేకొద్దీ కుళాయి నీరు రోజూ రాదు. వచ్చినప్పుడు డ్రమ్ములకు పట్టి పెట్టుకుని పొదుపుగా వాడుకుంటారు. మన బడులకు సెలవులిచ్చే ఏప్రిల్ చివరి వారం సరిగ్గా ఆ కాలమే. పైగా చేపలు, కొబ్బరి తప్ప పప్పులు, కూరగాయలు చాలావరకు చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడల్లో దిగుమతి కావాలి కాబట్టి ధరలు మన విశాఖ పూర్ణా మార్కెట్ ధరల్లా ఉండవు. తొమ్మిది మంది స్నానాలు, బట్టలు, రెండు పూటల భోజనం, వీటన్నిటి మధ్య పెద్దావిడ సేవ ఆ ఒక్క మనిషి మీద పడితే ఏమవుతుందో మీ వారు ఊహించుకోగలరు. ఆయన చెడ్డవారని మీ ఉత్తరంలో ఎక్కడా నాకు అనిపించలేదు. అన్నగారి మాట కాదనలేకపోయారు, అంతే.

అందుకే బావగారిని రావద్దనకండి. వారి కుటుంబానికి వేరే బస చూసుకునేలా మాట్లాడాలి, ఆ మాట మీ నోటి నుంచి కాక మీ వారి నోటి నుంచి రావాలి. “అన్నయ్యా, వాళ్లింట్లో ముసలావిడ మంచం మీద ఉంది, మనందరం అక్కడే దిగితే బాగుండదు, మీకు దగ్గర్లో గది చూద్దాం” అంటే అందులో తప్పుపట్టేందుకు ఏమీ ఉండదు. మీరు చెబితే అదే మాట తోటికోడలి చెవిలో మరోలా వినిపించవచ్చు. వారు స్వరాజ్ ద్వీప్ వంటి చోట్లు చూడడానికి నాలుగు రోజులు కేటాయించుకుంటే, మీరు ఆ రోజులు స్నేహితురాలితో గడపవచ్చు.

మీ నలుగురైనా ఆ ఇంట్లో మూడు నాలుగు రాత్రులకు మించి ఉండవద్దని నా అభిప్రాయం. మిగతా రోజులు మీరూ గది తీసుకోండి. ఎప్పుడు బయలుదేరతారో, ఎప్పుడు తిరిగి వెళతారో ముందే ఆమెకు చెప్పండి. విశాఖ రేవు నుంచి ఓడలో వెళ్లాలన్న పిల్లల సరదా నాకు అర్థమైంది, కానీ సుమారు రెండున్నర రోజులు పట్టే ఆ ప్రయాణానికి రోజువారీ ఓడలు లేవు, ఉన్నవాటి తేదీలూ మారుతుంటాయి. తిరుగు ఓడ కోసం ఎదురుచూస్తూ స్నేహితురాలి ఇంట్లో మరో వారం ఉండిపోయే పరిస్థితి తెచ్చుకోకుండా, వచ్చేటప్పుడైనా చెన్నై మీదుగానో కోల్‌కతా మీదుగానో విమానం టిక్కెట్లు తీసి పెట్టుకోండి. మే మూడో వారానికల్లా అండమాన్‌ను నైరుతి రుతుపవనాలు తాకుతాయి కనుక, అంతకు ముందే తిరిగి రావడం మంచిది.

మరొక్క విషయం మీ వారితో గట్టిగా చెప్పండి. ద్వీపవాసులకు ఐలాండర్ కార్డు మీద ఓడ టిక్కెట్లలో రాయితీ ఉంటుంది. దానితో మనకూ తీయించమని స్నేహితురాలి భర్తను అడగకూడదు, టిక్కెట్ల కోసం ఆయనను వరుసలో నిలబెట్టకూడదు. ఆయన ఉద్యోగస్తుడు, మీకోసం సెలవు పెట్టాలని ఎదురుచూడకండి. పిల్లలు తీరాన గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకోకుండా చూడండి. అక్కడ అది నేరం, పట్టుబడితే ఆ ఇంటివారికీ తలవంపులు.

ఖర్చు విషయంలో చేతికి డబ్బు ఇస్తే ఆమె నొచ్చుకుంటుంది. వెళ్లేటప్పుడు ఇక్కడి కందిపప్పు, ఆవకాయ, అనకాపల్లి బెల్లం, మాడుగుల హల్వా పట్టుకెళ్లండి; అక్కడ ఉన్నన్నాళ్లూ చేపలూ కూరలూ మీ వారే కొని తీసుకురావాలి. అక్కడ పొద్దు మన కంటే ముందే వాలుతుంది, ఆరు గంటలకల్లా చీకటి పడుతుంది కాబట్టి రాత్రి పది దాకా తిరిగి వచ్చి భోజనం వడ్డించమనే అలవాటు మానుకోండి. రోజుకొక గంట ఆ పెద్దావిడ దగ్గర మీరు కూర్చుని, స్నేహితురాలిని కాస్త బయటకు వెళ్లి రమ్మనండి. ఎన్నో ఏళ్లుగా ఇల్లు కదలలేదని ఆమె మీతో అన్నట్లు మీరే రాశారు. మీరు చేయగలిగిన సాయాల్లో దీనికి మించినది నాకు తోచడం లేదు.

ఇంత చెప్పినా మీ వారు ఒప్పుకోకపోతే ఏం చేయాలని అడిగారు. అప్పుడు ఈ ఏడాది ప్రయాణం వాయిదా వేయండి. ఆమెకు అబద్ధం చెప్పకుండా, “మా ఇంట్లో అందరికీ కుదరలేదు, చలికాలంలో పిల్లలను తీసుకుని నేను వస్తాను” అని ఫోన్‌లో చెప్పండి. ఆమె పిలిచింది మిమ్మల్ని. డిసెంబరు సెలవుల్లో పిల్లలతో మీరొక్కరే నాలుగు రోజులు వెళ్లి రావడానికి మీ వారి అభ్యంతరం ఏమిటో ఇప్పుడే, బావగారు లేని సమయంలో, నిదానంగా అడిగి తెలుసుకోండి.