రెండు వేల డాలర్ల వాచీ కొనే ముందు

సందేహం: అన్నా, నేను డాలస్ వచ్చి ఏడు నెలలైంది. హెచ్1బీ వర్క్ వీసా మీద ఒక కన్సల్టెన్సీలో చేస్తున్నాను. ఒక స్విస్ ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ వాచీ (చేతి కదలికతో నడిచేది, స్టాప్‌వాచ్ కూడా ఉన్నది) బాగా నచ్చింది, టాక్స్ కాకుండా 2,000 డాలర్లు. షాపువాళ్ల కార్డు తీసుకుంటే 12 నెలలు వడ్డీ లేకుండా కట్టుకోవచ్చట. ఫిబ్రవరిలో చెల్లి పెళ్లికి ఊరు వెళ్తున్నాను, అప్పటికి చేతికి ఉంటే బాగుంటుందని ఆశ. అంత డబ్బుకు తగిన వాచీయేనా? తర్వాత అమ్మితే ధర వస్తుందా?

తమ్ముడూ, వాచీ గురించి రాశావు, పెళ్లి గురించి రాశావు, బ్యాంకులో ఎంత ఉందో మాత్రం రాయలేదు. నాకు ముందు కావాల్సింది అదే. ఎందుకంటే నువ్వు ఇప్పుడు నిలబడ్డ చోట నేను 2008 జూన్‌లో నిలబడ్డాను.

అప్పటికి డాలస్ పక్కన ఇర్వింగ్ వచ్చి ఏడాది. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటులో నలుగురం ఉండేవాళ్లం. మొదటి ఆరు నెలలు కొత్తిమీర కట్ట కొనాలన్నా రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ని. తర్వాత ఆ లెక్క మానేశాను. డాలర్లలో ఆలోచించడం వచ్చేసింది, ఇక ఇక్కడి మనిషినైపోయాను అనుకున్నాను. ప్రాజెక్టు ఇంకో ఏడాది పొడిగించారని తెలిసిన వారమే మాల్‌కి వెళ్లి, తర్వాత ఆన్‌లైన్లో ఇంకాస్త తక్కువకు దొరికిందని 1,800 డాలర్లకు క్రోనోగ్రాఫ్ కొన్నాను. అంతా క్రెడిట్ కార్డు మీదే. అప్పటి రేటులో 77 వేల రూపాయలు. మా నాన్నకు నెలకు వచ్చే పెన్షన్ ఎంతో నాకు తెలుసు, అయినా కొన్నాను.

కార్డు వడ్డీ ఏడాదికి 22 శాతం. అంటే 1,800 మీద నెలకు 33 డాలర్లు. నేను నెలకు 50 కట్టి, టైముకి కడుతున్నాను కదా అని ధీమాగా ఉన్నాను. ఆరు నెలల్లో 300 కట్టాను. అసలు తగ్గింది 107 డాలర్లు. ఈ లెక్క అప్పుడు ఒక్కసారి కాగితం మీద వేసుకుని ఉంటే చాలు, ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. ఇంజనీరింగ్ చదివిన మనం ఈ చిన్న లెక్క వేసుకోం. నువ్వు కూడా వేసి ఉండవు, అవునా?

నీకు వడ్డీ లేదన్నారు కాబట్టి నీ కథ వేరు అనుకోకు. షాపు కార్డుల్లో చాలావాటికి ఒక మెలిక ఉంటుంది. 12 నెలల్లోపు మొత్తం తీరకపోతే, ఇంకా వంద డాలర్లే మిగిలినా సరే, మొదటి రోజు నుంచి లెక్కకట్టి వడ్డీ వేస్తారు. నీ కార్డుకి అది ఉందో లేదో ఒప్పందంలో చదువుకో.

ఇక వాచీతో నేను పడ్డవి. పెట్టె వచ్చిన రోజు చూస్తే పొడుగు సెకన్ల ముల్లు 12 దగ్గర నిలబడి ఉంది, కదలదు. చెడిపోయిన వాచీ పంపారని ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. క్రోనోగ్రాఫ్‌లో ఆ ముల్లు స్టాప్‌వాచ్‌ది, పై బటన్ నొక్కితేనే కదులుతుంది. అసలు సెకన్లు 9 దగ్గరున్న చిన్న డయల్లో తిరుగుతుంటాయి. అవతలి మనిషి ఓపిగ్గా చెప్పాడు కానీ, ఏం కొన్నానో నాకే తెలియదని అప్పుడే తెలిసింది. నాది 7750 అనే మెషీన్. 1974 ప్రాంతంలో వచ్చింది, బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల దెబ్బకు కొన్నాళ్లు ఆగి ఎనభైలలో మళ్లీ మొదలైంది. నువ్వు చూస్తున్న ధరలో స్విస్ ఆటోమేటిక్ క్రోనోగ్రాఫులు ఎక్కువగా దాని సంతతే. హామిల్టన్ కంపెనీ వాచీల్లో ఉండే హెచ్21 మెషీన్ అన్నా అదే కుటుంబం. గట్టి మెషీన్, అందులో అనుమానం లేదు. పాతవి రెండు రోజులు నిండకుండానే ఆగిపోయేవి. హెచ్21 దాదాపు 60 గంటలు నడుస్తుంది, శుక్రవారం రాత్రి తీసి పెడితే సోమవారం పొద్దున దాకా వస్తుంది. ఆ మెషీనే దాదాపు 8 మిల్లీమీటర్ల మందం కాబట్టి వాచీ 14, 15 మిల్లీమీటర్లు అవుతుంది. చొక్కా కఫ్ కిందికి పోదు.

ఆ డిసెంబర్‌లో ఇండియా వెళ్లాను. శంషాబాద్‌లో దిగి, లగేజీ కోసం నిలబడి, అర్ధరాత్రి పూట వాచీని మన టైముకి తిప్పి, ఆ వెంటనే తేదీ మార్చాను. రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా ఆ మెషీన్ తనంతట తాను తేదీ మార్చుకునే పనిలో ఉంటుంది, ఆ సమయంలో మనం మారిస్తే లోపలి చక్రాల పళ్లు దెబ్బతింటాయి. నాకు అదే జరిగింది. తేదీ 14 దగ్గర ఇరుక్కుపోయింది. ముల్లులను 6 దగ్గరికి తెచ్చుకుని అప్పుడు తేదీ మార్చుకోవాలని తర్వాత నేర్చుకున్నాను. నువ్వు ఊరికి పెట్టుకెళ్లినా, వెళ్లి వచ్చినా ఇది గుర్తుంచుకో.

మా ఊరి బస్టాండు దగ్గర వాచీలు బాగుచేసే ఆయన ఉండేవాడు. నాన్న హెచ్ఎంటీ వాచీని ఏళ్ల తరబడి ఆయనే విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి ఇచ్చేవాడు, బహుశా ఒక పూట భోజనం ఖర్చు. నా వాచీ కూడా అక్కడే బాగవుతుందని పట్టుకెళ్లాను. ఆయన వెనక మూత తీసి, కంటికి అద్దం పెట్టుకుని కాసేపు చూసి, మూత మళ్లీ బిగించేశాడు. 'బాబూ, నేను విప్పగలను. మళ్లీ పెట్టలేను. దీని కంపెనీవాళ్లకే ఇవ్వు' అన్నాడు. డబ్బు కూడా తీసుకోలేదు. తిరిగొచ్చాక ఇక్కడ వారంటీలో చేయిద్దామంటే, అధీకృత డీలరు దగ్గర కొనలేదు కాబట్టి కంపెనీ వారంటీ వర్తించదన్నారు. ఆన్‌లైన్లో తక్కువకు దొరికిందని సంబరపడ్డది ఇందుకే. రిపేరుకి 180 డాలర్లు అడిగారు. నా దగ్గర లేవు.

ఎందుకు లేవంటే, నేను తిరిగొచ్చిన రెండో వారం, 2009 జనవరిలో ప్రాజెక్టు పోయింది. కన్సల్టెన్సీ బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, కూర్చోబెట్టి జీతం ఆపేసింది. హెచ్1బీ మీద ఉన్నవాడికి బెంచ్ మీద కూడా జీతం ఇవ్వాల్సిందేనని రూలు ఉంది. నాకు అప్పుడు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఇప్పుడు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటోంది, 2017 నుంచి ఆ వెసులుబాటు వచ్చింది, మాకు అదీ లేదు. వివరాలు ఇక్కడి వీసాలు చూసే యూఎస్‌సీఐఎస్ సైటులో ఉంటాయి, చూసుకో. ఆ 2009 ఫిబ్రవరిలోనే నాన్నను గుంటూరులో ఆస్పత్రిలో చేర్చారు. మా తమ్ముడు ఫోన్ చేసి 50 వేలు పంపమన్నాడు. చేతికి 77 వేల వాచీ ఉంది, ఖాతాలో 340 డాలర్లు ఉన్నాయి. రూమ్మేటు తన కారు డౌన్ పేమెంటుకి దాచుకున్న దాంట్లోంచి 1,000 డాలర్లు తీసిచ్చాడు. ఒక్క మాట కూడా అనలేదు. నాన్న కోలుకున్నాడు. కానీ ఆ రాత్రి ఆయనకు కావాల్సిన డబ్బు, తేదీ ఇరుక్కున్న వాచీగా నా చేతి మీద ఉండటం నేనెప్పటికీ మరిచిపోలేను.

మార్చిలో అమ్మాను. 600 వచ్చాయి. కార్డు మీద అప్పటికి ఇంకా 1,600 పైన ఉంది. ఆ బాకీ 2010 చివరికి తీరింది. అమ్మితే ధర వస్తుందా అని అడిగావు కదా, ఇదే నా జవాబు. కొన్న ధరకు పైన అమ్ముడయ్యే వాచీలు చాలా తక్కువ, అవి నువ్వు చూస్తున్న ధరలో ఉండవు. ఈ ధరలో వాచీ పెట్టెలోంచి బయటికి తీయగానే ధర పడుతుంది. పడిన ఆ ధర నీకు లాభంగా కావాలంటే, రెండేళ్లు ఎవరో వాడింది, కాగితాలతో, నమ్మకమైన చోట కొనుక్కో.

అంటే వద్దంటున్నానా? కాదు. నేను ఈ దేశంలో ఇల్లు కొన్నాను, ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను. 2019లో మళ్లీ క్రోనోగ్రాఫ్ కొన్నాను, ఈసారి డీలరు దగ్గర, నగదుతో. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టి, ఊరికి అత్యవసరంగా పంపడానికి వేరే ఖాతాలో 3,000 వేసి, ఆ తర్వాతే. నా జీవితంలో కొన్న వస్తువుల్లో నాకు చాలా ఇష్టమైనది అదే. చేయి కదిలినప్పుడు తిరిగి వాచీకి కీ ఇచ్చే లోపలి బరువును రోటర్ అంటారు, అది ఒక దిక్కుకే చుడుతుంది, రెండో దిక్కున ఊరికే గిర్రున తిరుగుతుంది, ఆ కదలిక మణికట్టుకి తెలుస్తుంది. బటన్ నొక్కినప్పుడు లోపల పళ్లు పట్టుకోవడం వేలికి తెలుస్తుంది. అన్నం ఉడకడానికి, పిల్లాడి ఈతకి అదే వాడతాను, వాచీని నీళ్లలోకి మాత్రం తీసుకెళ్లను. నీళ్లలో బటన్లు నొక్కకూడదు.

కానీ పోయినేడాది దానికి సర్వీసింగ్ చేయించాను. 560 డాలర్లు. మామూలు మూడు ముల్లుల ఆటోమేటిక్‌కి దాంట్లో సగం అడిగారు. క్రోనోగ్రాఫ్ అంటే వాచీ లోపల ఇంకో వాచీ, ప్రతి ఐదారేళ్లకు ఈ ఖర్చు ఉంటుంది. కాబట్టి నీ వాచీ ధర 2,000 కాదు. డాలస్‌లో 8.25 శాతం టాక్స్, అది 165. మొదటి సర్వీసుకి 500 పైన పెట్టుకో. దాదాపు 2,700. నీ వాటా అద్దె ఎన్ని నెలలకు సమానమో నువ్వే చూసుకో. రూపాయల్లోకి మార్చకు, మారిస్తే ఏదీ కొనలేవు, అదీ మంచిది కాదు. అద్దె నెలల్లోకి మార్చు.

పెళ్లికే కావాలంటే సీకో స్పీడ్‌టైమర్ సోలార్ క్రోనోగ్రాఫ్ 700 డాలర్ల ప్రాంతంలో ఉంటుంది. వెలుతురుతో నడుస్తుంది, నెలకు సెకన్లలోనే తేడా వస్తుంది. మన ఆటోమేటిక్‌లో రోజుకి అంత తేడా రావచ్చు. ఫొటోలో దాని అందం దానికి ఉంది. ఒకటి చూసుకో, వంద, రెండొందల డాలర్లకు 'ఆటోమేటిక్' అని మూడు చిన్న డయల్స్‌తో అమ్మేవాటిలో చాలావరకు క్రోనోగ్రాఫులు కావు. ఆ డయల్స్ వారం, తేదీ చూపిస్తాయి, బటన్లు వాటిని సరిచేయడానికి. ఆ మోజులో పడకు. ఏది పెట్టుకెళ్లినా బిల్లు ఫోన్లో ఉంచుకో, కస్టమ్స్ పరిమితులు వెళ్లే ముందు ఇండియా కస్టమ్స్ బోర్డు సీబీఐసీ సైటులో చూసుకో. ఇంకో మాట, చెల్లి పెళ్లి అంటున్నావు. ఇంట్లో పెళ్లి ఖర్చుకి నాన్న ఎవరి దగ్గరైనా అప్పు చేశారా? అడిగి చూడు. అడగకపోతే వాళ్లు చెప్పరు, మా ఇంట్లో చెప్పలేదు.

ఈ శనివారం షాపుకి వెళ్లు. ఆఫీసుకి వేసుకునే ఫుల్ హ్యాండ్స్ చొక్కాతో వెళ్లి, ఆ వాచీ పెట్టుకుని, కఫ్ బటన్ వేసి, పది నిమిషాలు అటూ ఇటూ నడువు. కార్డు ఇంట్లో పెట్టి వెళ్లు. తిరిగొచ్చి ఖాతాలో ఎంత ఉందో, నెలకు ఊరికి ఎంత పంపుతున్నావో, ప్రాజెక్టు ఎప్పటిదాకా ఉందో నాకు రాయి. అప్పుడు కొనమనో వద్దనో చెబుతాను.