చామనఛాయ సిపాయి: 1/35 బొమ్మ ముఖానికి అక్రిలిక్ రంగులు

మీరు అడిగినవి మూడు. 1/35 (అంటే అసలు మనిషిలో 35వ వంతు సైజు) ప్లాస్టిక్ సైనికుడికి ఎంత జాగ్రత్తగా వేసినా కళ్ళు గుడ్లురిమినట్టు ఎందుకు వస్తున్నాయి, ముఖం ప్లాస్టిక్‌లాగే ఎందుకు ఉండిపోతోంది, రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తరాఫ్రికాలో పోరాడిన నాలుగో ఇండియన్ డివిజన్ సిపాయికి చర్మం రంగు ఎలా కలపాలి. నేను చాలాకాలంగా ఈ సైజు బొమ్మలకు, అప్పుడప్పుడు 54 మిల్లీమీటర్ల వాటికి రంగులు వేస్తున్నాను. నాకు అర్థమైనంతవరకు అసలు చిక్కంతా ఒక్కచోటే ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా వేయాలని చూస్తాం. కానీ ఈ బొమ్మ దూరంగా నిలబడ్డ మనిషి.

లెక్క చూడండి. బొమ్మను 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని చూడటమంటే, అసలు మనిషిని 21 మీటర్ల దూరం నుంచి చూడటమే. అంత దూరం నుంచి కంట్లో తెల్లగుడ్డు ఎక్కడ కనబడుతుంది? కనుబొమల కింద నీడ, ముక్కు కింద నీడ, కింది పెదవి కింద ఇంకాస్త నీడ, బుగ్గ ఎముకల మీదా ముక్కు మీదా వెలుగు, అంతే. అసలు కన్ను వెడల్పు 3 సెంటీమీటర్లు అనుకున్నా ఈ స్కేలులో మిల్లీమీటరు కూడా రాదు. అక్కడ తెల్లటి చుక్క పెడితే గుడ్లు తేలేసినట్టే ఉంటుంది. పైగా దేవుడి పటాల్లో, కొండపల్లి బొమ్మల్లో చూసిన పెద్ద పెద్ద కళ్ళే మన చేతికి అలవాటు. అక్కడ అవే అందం, ఇక్కడ పనికిరావు.

కాబట్టి ముందు నీడల సంగతి. గదిలో వెలుగు నాలుగు వైపుల నుంచీ పడుతుంది, మిల్లీమీటరు లోతు లేని గుంటలో నీడ సరిగ్గా నిలవదు. దాన్ని మనమే రంగుతో పెట్టాలి. నేను నల్ల ప్రైమర్ (రంగులకు ముందు వేసే పునాది పూత) కొట్టి, ఆరాక నెత్తి మీద నుంచి మాత్రం తెల్ల ప్రైమర్ సన్నగా చల్లుతాను. ఎండ పైనుంచి పడితే ఎక్కడ వెలుగు, ఎక్కడ చీకటి అన్నది అప్పుడే కనబడిపోతుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి, చివరిదాకా అదే దారి చూపిస్తుంది.

ఇక రంగు. విదేశీ వీడియోల్లో చెప్పే గులాబీ ఫ్లెష్ రంగు తీసుకుని అందులో బ్రౌన్ కలిపితే మన ఛాయ రాదు, ముఖానికి మట్టి పూసినట్టు ఉంటుంది. చామనఛాయకు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) దాదాపు సమంగా, ఇంకాస్త నలుపు ఛాయ కావాలంటే కొంచెం బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ). ఇది అసలు పూత. నీడకు ఇందులోనే మరికొంత సియెన్నా వేసి, అల్ట్రామరీన్ బ్లూ (ముదురు నీలం) సూదిమొనంత కలపండి. ఎర్రటి జీర ఉన్న ముదురు గోధుమ రంగు వస్తుంది. నలుపు కలిపితే మాత్రం చర్మం చచ్చిపోతుంది. వెలుగు కోసం చాలామంది నేరుగా తెలుపు కలుపుతారు, అక్కడే బూడిద పూసినట్టవుతుంది. ముందు ఆకర్ పెంచండి, అది చాలకపోతే వల్లేహో కంపెనీ ఫ్లాట్ ఫ్లెష్ లాంటి లేత చర్మపు రంగు కొద్దిగా కలపండి. తెలుపు జోలికి పోకుండానే పని అయిపోతుంది. అక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది కాబట్టి కలిపినది బొటనవేలి గోరు మీద రాసి, ఆరాక చూసి వేయండి.

మీ సిపాయి ఎడారిలో ఉన్నాడని మరిచిపోకండి. ముక్కు, బుగ్గలు, మెడ వెనక ఎండకు కమిలి ఉంటాయి, తలపాగా అంచు కింద నుదురు కాస్త తేటగా ఉంటుంది. ఈ ఒక్క తేడా చూపిస్తే చాలు, మనిషి ఎన్నాళ్ళుగా ఎండలో ఉన్నాడో తెలిసిపోతుంది. ముక్కు కొనకు, చెవులకు, బుగ్గలకు పలుచటి ఎరుపు గోధుమ పూత, గడ్డం గీసుకున్న దవడకు నీలం కలిసిన బూడిద రంగు ఉందా లేదా అన్నంత పలుచగా. పెదవులకు లిప్‌స్టిక్ ఎరుపు వద్దు. మన పెదవులు ముదురు గోధుమలో కాస్త వంకాయ రంగు కలిసి ఉంటాయి. పై పెదవి నేల వైపు తిరిగి ఉంటుంది కాబట్టి అది ముదురు, వెలుగు కింది పెదవి మీద.

ఈ పలుచటి పూతలకు రంగు ఒక వంతు, నీళ్ళు నాలుగైదు వంతులు. బ్రష్‌ను టిష్యూకి ఒకసారి తాకించి అప్పుడు వేయండి, లేకపోతే గుంటల్లో మడుగు కట్టి అంచున గీత మిగులుతుంది. బ్రష్‌ను వెలుగు వైపు నుంచి నీడ వైపుకు లాగి ఎత్తండి. ఎక్కడ ఎత్తితే అక్కడ రంగు ఎక్కువ మిగులుతుంది.

కళ్ళు అసలు పూత అయ్యాక వేస్తాను, వెలుగులు ఇంకా పెట్టకముందే. తప్పితే సరిదిద్దుకోవడం తేలిక. కంటి గుంటంతా ముదురు గోధుమ. దాని లోపల, అంచు మిగిలేలా, లేత గోధుమ కలిసిన మాసిన తెలుపు. తర్వాత కనుపాపను గుండ్రటి చుక్కలా కాక, పై రెప్ప నుంచి కింది రెప్పదాకా నిలువు గీతలా లాగండి. చుట్టూ తెలుపు కనబడితేనే భయపడ్డట్టు ఉంటుంది. రెండు కళ్ళూ కాస్త పక్కకు చూస్తున్నట్టు వేస్తే మెల్లకన్ను బెడద తగ్గుతుంది. చివర్లో బొమ్మను తలకిందులు చేసి కింది రెప్ప చర్మం రంగుతో దిద్దండి, కన్ను దానంతటదే సన్నబడుతుంది. 28 మిల్లీమీటర్ల బొమ్మ అయితే ఇదంతా అనవసరం, ఒక ముదురు గీత చాలు.

దీనికి 000 నంబరు (మరీ సన్నటి) బ్రష్ కొనకండి. దాని పొట్టలో రంగు నిలవదు, బొమ్మను చేరేలోపే మొన ఆరిపోతుంది. మొన బాగున్న కొలిన్‌స్కీ సేబుల్ (జంతువు వెంట్రుకలతో చేసిన బ్రష్) 1 నంబరు మేలు. ఖరీదు ఎక్కువే, కానీ సబ్బుతో కడిగి పెట్టుకుంటే చాలాకాలం వస్తుంది. రంగు త్వరగా ఆరిపోకుండా ఉంచే వెట్ ప్యాలెట్ కొనక్కర్లేదు, మూత ఉన్న టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ పేపర్ పరిస్తే సరిపోతుంది. ఫ్యాన్ కట్టేయండి. మే నెలలో ఇది నరకమే, కానీ ఫ్యాన్ కింద అక్రిలిక్‌తో ఛాయలు కలపడం అయ్యే పని కాదు.

ప్లాస్టిక్‌లా ఉండటానికి ఇంకో కారణం మెరుపు. చర్మం మీద మాట్ (మెరుపు లేని) వార్నిష్ వేయండి. సీసాను వేసే ముందు బాగా ఊపాలి, మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుని ఉంటుంది. విశాఖ లాంటి చోట వానాకాలంలో స్ప్రే వార్నిష్ కొడితే గాలిలో తేమకు తెల్లటి పొగ కమ్మినట్టు అవుతుంది, ఆ రోజుల్లో బ్రష్‌తో పూసేదే వాడుకోండి.