నీటి చక్రం పాఠం చెప్పబోయే మా అమ్మాయికి

అమ్మాయీ, కళ్యాణదుర్గం బడిలో వచ్చే వారం నీటి చక్రం మొదలుపెడుతున్నా, ఏ చార్టు కొనాలి పెదనాన్నా అని అడిగావు కదా. చార్టు కొనొద్దు. అందులో ఒక సముద్రం, ఒక మంచుకొండ, మధ్యలో నాలుగు బాణాలు ఉంటాయి. మన పిల్లల్లో చాలామంది ఆ రెండూ చూసుండరు, బాణాల పేర్లు బట్టీ కొట్టి పరీక్షలో దించేస్తారు, అంతే.

మొదటి రోజు పొయ్యి మీద నీళ్లు పెట్టు, మూతి ఉన్న కెటిల్ అయితే మేలు. తెల్లగా లేచేది ఆవిరి అని పిల్లలందరూ అంటారు, చాలామంది టీచర్లు కూడా అంటారు. కాదు, ఆవిరి చల్లబడి మళ్లీ నీళ్లయిన సన్నటి తుంపర అది. కెటిల్ మూతికీ ఆ తెలుపుకీ మధ్య ఏమీ లేనట్టు కనిపించే చిన్న జాగా ఉంటుంది చూడు, అసలు ఆవిరి ఉండేది అక్కడ, అది కంటికి కనపడదు. ఇది పట్టుబడితే మేఘం గురించి నువ్వు పెద్దగా చెప్పాల్సింది ఉండదు. పిల్లల్ని మాత్రం దగ్గరికి రానివ్వకు, ఒక గ్రాము ఆవిరి నీరయ్యేటప్పుడు దాదాపు 540 కేలరీల వేడి వదులుతుంది, అందుకే మరిగే నీళ్ల కన్నా ఆవిరి తగిలితే ఎక్కువ కాలుతుంది.

థర్మామీటర్ పెట్టావంటే 100 రాదు, 98, 99 దగ్గర ఆగిపోతుంది. టెన్షన్ పడకు, అది చెడిపోలేదు. మనం సముద్రానికి ఎత్తులో ఉన్నాం, సుమారు 300 మీటర్లు పైకి పోతే నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. పుస్తకంలో 100 ఉందని దాన్నే రాయించావనుకో, ప్రయోగం చేసి ఏం లాభం? కనిపించిందే రాయించు.

ఐసు గ్లాసు ప్రయోగం వాన పడిన మర్నాడు చెయ్యి. ఎండాకాలం మధ్యాహ్నం మన గాలిలో తడి తక్కువ, గ్లాసుకు చెమట సరిగ్గా పట్టదు, పట్టినా తొందరగా ఆరిపోతుంది. (కడవలో నీళ్లు మనకు అంత చల్లగా అయ్యేది కూడా ఆ పొడిగాలి వల్లే.) గ్లాసు కారిందని ఎవడో ఒకడు కచ్చితంగా అంటాడు, అందుకని లోపలి నీళ్లలో రంగు కలుపు, బయటి చుక్కలకు రంగు లేదని వాళ్లే చూస్తారు.

అసలు ప్రశ్న ఆ తర్వాత వస్తుంది. మన చెరువు నీళ్లు ఆవిరై పోయాయి కదా, మరి మన మీదే ఎందుకు పడవు టీచర్ అంటారు. దాటెయ్యకు, పాఠమంతా అక్కడే ఉంది. ఆవిరిని గాలి ఎటు తీసుకుపోతే అటు పోతుంది, ఏ ఊరి నీళ్లు ఆ ఊరికే తిరిగి రావాలన్న లెక్కేం లేదు. నైరుతి గాలి అరేబియా సముద్రం మీద తడి పట్టుకుని పడమటి కనుమలు ఎక్కేటప్పుడు చల్లబడి అక్కడే కుమ్మరిస్తుంది, కర్ణాటకలో ఆగుంబెకు ఏడాదికి 7000 మిల్లీమీటర్లకు పైన పడేది అందుకే. కొండ దిగి ఇటు వచ్చే గాలి మళ్లీ వేడెక్కుతుంది, వేడెక్కిన గాలిలో మబ్బు కరిగిపోతుంది, మనకు మిగిలేది ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ. అక్టోబర్, నవంబర్‌లో బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే వానలు కూడా అందులోవే. ఇండియా మ్యాపు గోడకు తగిలించి ఈ దారి వేలితో గీసి చూపించు, కొనాలంటే ఆ మ్యాపు కొను.

బోరు నీళ్ల గురించి పుస్తకం చెప్పేది తక్కువ. మనది రాతినేల, కింద చెరువులా నీళ్లేం ఉండవు, రాయి పగుళ్లలో దూరినంతే, అదీ పాత వానల నీళ్లు. ఇంట్లో లేదా పక్కింట్లో బోరు ఎన్ని అడుగులో, ఏ ఏడాది వేశారో అడిగి రమ్మని పంపు. అవన్నీ బోర్డు మీద ఏడాది వరుసలో రాయించావంటే ఆ పీరియడ్‌లో నువ్వు మాట్లాడాల్సిన పని పెద్దగా ఉండదు.