బంగారు పూత కనెక్టర్లు వేసినా పిమ్ తగ్గలేదా? పూత కింద ఏముందో చూడండి

నికెల్ పూత కనెక్టర్లు మార్చి బంగారు పూతవి వేసినా పిమ్ (పాసివ్ ఇంటర్‌మాడ్యులేషన్: కేబుల్, కనెక్టర్లలో సిగ్నళ్లు ఒకదానితో ఒకటి కలిసి అక్కర్లేని కొత్త సిగ్నళ్లు పుట్టడం) తగ్గలేదని ఒకరు అడిగారు. నా అనుమానం నికెల్ మీదే. నికెల్ పూత ఎన్-టైప్ (రేడియో కేబుళ్లకు మరతో బిగించే కనెక్టర్లు) తీసేసి బంగారు పూతవి బిగించానన్నారు కదా, ఆ బంగారం కింద కూడా దాదాపు ఎప్పుడూ నికెల్ పొర ఉంటుంది. నికెల్ అయస్కాంత లోహం. రెండు క్యారియర్లు (వేర్వేరు ఫ్రీక్వెన్సీల సిగ్నళ్లు) కలిసి వెళ్తే ఇంటర్‌మాడ్యులేషన్ పుట్టించేది అదే.

చాలామంది వదిలేసేది ఈ లెక్క: 900 మెగాహెర్ట్జ్ దగ్గర బంగారంలో స్కిన్ డెప్త్ (కరెంటు లోహం పైపొరలో ఎంత లోతు వరకు ప్రధానంగా నడుస్తుందో ఆ లోతు) సుమారు 2.6 మైక్రాన్లు. చవక కనెక్టర్ల మీద బంగారం 0.1, 0.2 మైక్రాన్లకు మించదు. అంటే కరెంటు ఎక్కువగా నడిచేది బంగారంలో కాదు, కింది నికెల్‌లో. మెరుపుకే డబ్బు పెట్టినట్టు!

1. డేటాషీట్‌లో పై పూత ఒక్కటే చూడకండి. అడుగు పొర ఏది, మందం ఎన్ని మైక్రాన్లు అని అమ్మేవాళ్లను అడగండి.
2. బాడీకి రాగి మీద వెండి (5 మైక్రాన్లు ఉంటే నిశ్చింత) లేదా వైట్ బ్రాంజ్ (రాగి, తగరం, జింక్ కలిసిన మిశ్రలోహం) పూత తీసుకోండి. బయట తడి గాలికి వైట్ బ్రాంజే నయం, నల్లబడదు.
3. మధ్య పిన్నుకు వెండి పూత చాలు. బంగారమే కావాలంటే కింద నికెల్ లేనిది, లేదా ఫాస్ఫరస్ ఎక్కువున్న ఎలక్ట్రోలెస్ నికెల్ (కరెంటు లేకుండా రసాయనంతో వేసే పూత) ఉన్నది అడగండి. అది అయస్కాంతానికి లొంగదు.
4. కొత్తవి టార్క్ రెంచ్‌తోనే (నిర్ణీత బిగువు వరకే బిగించే పానాతో) బిగించండి. వదులు జాయింట్ కూడా పిమ్ ఇస్తుంది, అప్పుడు తప్పు పూత మీదకు పోతుంది.

వెండి కాస్త నల్లబడితే టెన్షన్ వద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, గరుకు కాగితం మాత్రం ముట్టించకండి.