ఏ.ఎం., పి.ఎం.లలో మార్తాండుడు లేడు

సందేహం: ఏ.ఎం. అంటే ‘ఆరోహణం మార్తాండస్య’, పి.ఎం. అంటే ‘పతనం మార్తాండస్య’ అని ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. నిజమేనా? రాత్రి 12 దాటాక ఉన్న ముహూర్తాన్ని శుభలేఖలో ఎలా వేయించాలి? (ఒక పాఠకురాలు, గుంటూరు)

సమాధానం: నిజం కాదు. అవి లాటిన్ మాటలకు పొడి అక్షరాలు: ‘ఆంతె మెరీదియెమ్’, ‘పోస్త్ మెరీదియెమ్’. ఆంతె అంటే ముందు, పోస్త్ అంటే తర్వాత, మెరీదియేస్ అంటే మధ్యాహ్నం. ఆ రెండింటి పక్కన చేరితే అది ద్వితీయా విభక్తిలో మెరీదియెమ్ అవుతుంది. క్రీ.పూ. 450 ప్రాంతపు రోమన్ల ‘పన్నెండు పలకల’ చట్టంలోనే ఇవి రెండూ కనిపిస్తాయి. మధ్యాహ్నంలోపు ఇరుపక్షాలూ వ్యాజ్యం వినిపించుకోవాలి. ఒకరు రాకపోతే, మధ్యాహ్నం దాటాక వచ్చినవారికే తీర్పు.

ఆ సందేశం కల్పితమని మన భాషే పట్టిస్తుంది. ఆరోహణకు జోడు అవరోహణ. సరళీ స్వరాలు నేర్చే పిల్లలకూ తెలుసు. అవరోహణం అంటే రెండూ ఏ.ఎం.లే అవుతాయి కనుక ‘పి’ కోసం పతనాన్ని లాక్కొచ్చారు. సంస్కృతంలో ఈ పూటల పేర్లు పూర్వాహ్ణం, అపరాహ్ణం. వీటిలో ముందున్న రేఫ వల్ల ‘ణ’ వచ్చింది. మధ్యాహ్నం, సాయాహ్నాలలో ‘న’ రాయాలి.

అసలు చుట్టరికం ఇంతకంటే అందమైనది. మెరీదియేస్ పాత రూపం మెదీదియేస్: మెదియుస్ అంటే నడిమి, దియేస్ అంటే పగలు. రెండు ద-కారాలు దగ్గర దగ్గరగా రావడంతో మొదటిది ర-కారమైంది. ప్రైనెస్తె ఊళ్లో ఒక నీడ గడియారం మీద ద-కారంతోనే చెక్కి ఉండగా చూశానని రోమన్ పండితుడు వర్రో రాశాడు. ఆ మెదియుస్, మన ‘మధ్య’ ఒకే మూలం నుంచి పుట్టాయి. దియేస్, ‘దివా’ కూడా అంతే. ఇంగ్లీషు ‘డే’కి మాత్రం దియేస్‌తో బంధుత్వం లేదు.

ఇక వాడుక. ‘ఉదయం 10.30 ఏ.ఎం.’ అంటే చెప్పిందే చెప్పడం. 12 దగ్గరే చిక్కు: సరిగ్గా మధ్యాహ్నం అన్నది ముందూ కాదు, తర్వాతా కాదు. అయితే 12.01 మధ్యాహ్నం దాటినట్టే కాబట్టి గడియారాలు 12.00నూ దానితో కలిపి పి.ఎం. అంటాయి, 12.00 ఏ.ఎం. అర్ధరాత్రి. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. బెజవాడ దానికి పడమటగా సుమారు 1.9 డిగ్రీల దూరం, డిగ్రీకి 4 నిమిషాలు. అందుకే ఇక్కడ పొద్దు నడిమికి వచ్చేసరికి సగటున 12.07 అవుతుంది.

శుభలేఖ సంగతి. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, క్యాలెండరులో అర్ధరాత్రి మారుతుంది. ‘శుక్రవారం 2.14 ఏ.ఎం.’ అని వేస్తే చుట్టాలు శుక్రవారం రాత్రికి దిగుతారు, అప్పటికి పెళ్లయిపోయి ఉంటుంది. ‘గురువారం రాత్రి గం. 2.14 ని.లకు, తెల్లవారితే శుక్రవారం’ అని రెండు తేదీలతో వేయించండి. రైలు టికెట్టుకు ఈ లెక్క చెల్లదు. బెజవాడలో 15వ తేదీ 00.20కి బండి ఉందంటే, 14 రాత్రి భోంచేసి స్టేషనుకు బయల్దేరాలి.